సోడియం తగ్గితే ఉప్పు తగ్గినట్టా?

హైదరాబాద్ కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్‌కి ఆదివారం తెల్లారీ తెల్లారకముందే బైకులొస్తాయి. ఇళ్లకొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాళ్లు. వీపున చల్లటి పెట్టె, చేతిలో రంగురంగుల మూతల ట్యూబులు. పొద్దున్న తీసిన రక్తానికి సాయంత్రానికల్లా ఫోన్‌లో రిపోర్టు వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణని అందరికీ తెలుసు కాబట్టి, ఆ రిపోర్టుల్లో సగం రాత్రికి నా గుమ్మం తొక్కుతాయి.

మొన్న వేసవిలో ఐదో అంతస్తు అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధిర నుంచి మామగారొచ్చి నెలైందట. ఆయన నీరసంగా ఉంటున్నారనీ, మాట్లాడుతూ మాట్లాడుతూ మర్చిపోతున్నారనీ ప్యాకేజీ పరీక్ష చేయించారు. "అంకుల్, మామయ్యగారికి సోడియం 127 వచ్చింది. 135 ఉండాలట కదా. మజ్జిగలో ఉప్పు రెండింతలేసి రోజుకు మూడుసార్లు ఇస్తున్నాం. ఎండలని నీళ్లు కూడా బాగా తాగిస్తున్నాం. ఇంకేమైనా ఇవ్వాలా?" అని అడిగింది.

ఆపమన్నాను. ఉప్పు మజ్జిగ ఆపమన్నాను, బలవంతాన తాగించే నీళ్లూ ఆపమన్నాను. ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. తగ్గిందని మిషనే చెబుతుంటే, తగ్గినదాన్ని పెట్టొద్దంటాడేమిటి ఈయన అని.

ఆ చూపు ఆమె ఒక్కదానిదే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా, చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ, జిమ్‌లో కోచ్ దగ్గర్నుంచి మందుల షాపు కుర్రాడి దాకా ఒకటే మాట: తగ్గితే వేసుకోవాలి, పెరిగితే మానెయ్యాలి. ఎలక్ట్రోలైట్ రిపోర్టంటే ఒంట్లో సరుకుల జాబితా అనీ, నిండుకున్న డబ్బా చూసి నింపుకుంటే సరిపోతుందనీ నమ్మకం. సోడియం తగ్గితే ఉప్పు, పొటాషియం తగ్గితే కొబ్బరి నీళ్లు, బైకార్బొనేట్ తగ్గితే "ఒళ్లు యాసిడిక్ అయింది" కాబట్టి ఆల్కలైన్ వాటర్. ఇది తప్పు. అప్పుడప్పుడూ ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

ఈ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది, నమ్మేవాళ్లను తెలివితక్కువవాళ్లని అననుగాక అనను. అదే రిపోర్టులో ముందు పేజీల్లో విటమిన్ డి ఉంటుంది, బి12 ఉంటుంది, ఐరన్ ఉంటుంది. అక్కడ ఆ లెక్క చాలావరకు చెల్లుతుంది. బి12 తక్కువైతే బి12 ఇస్తారు, పెరుగుతుంది. ఆ తర్వాతి పేజీలో, అదే అచ్చులో, అదే ఎర్ర రంగులో సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ కనిపిస్తే ఇవీ అలాంటివేననుకోవడం సహజం. కానీ ఆ నాలుగూ వేరే జాతివి. ముందువి ఒంట్లో ఒక సరుకు ఎంతుందో సుమారుగా చెబుతాయి. ఇవి ఒక క్షణంలో, ఒక లీటరు ద్రవంలో, ఎంత చిక్కగా ఉందో మాత్రమే చెబుతాయి.

సోడియం సంగతి వంటింట్లోనే తేలుతుంది. నలుగురికి సరిపడా చారు కాచి, ఉప్పు సరిగ్గా వేసి దించారు. అనుకోకుండా ఇద్దరు చుట్టాలొచ్చారు. గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు పోశారు. రుచి చూస్తే చప్పగా ఉంది. గిన్నెలోంచి ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్లు ఎక్కువయ్యాయంతే. రిపోర్టులో సోడియం 127 అంటే ఆ చారు చప్పబడిందని. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సింది 127కి పలచబడిందని. ఉప్పు పోయిందా, నీళ్లు చేరాయా అన్నది ఆ అంకెలో లేదు. ఆస్పత్రుల్లో కనబడే సోడియం తగ్గుదలలో చాలావరకు నీళ్లు చేరిన బాపతే.

గుండె బలహీనపడి కాళ్లు పొంగిన మనిషిని చూడండి. ఆయన ఒంట్లో ఉప్పు మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది, అందుకే ఆ వాపు. నీళ్లు అంతకన్నా ఎక్కువ నిలవడంతో రక్తంలో సోడియం తక్కువ చూపిస్తుంది. అంకె చూసి ఆయనకు ఉప్పు మజ్జిగ పోస్తే వాపు పెరుగుతుంది, ఆయాసం పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. లివర్ చెడి పొట్టలో నీరు పట్టినవాళ్ల సంగతీ ఇంతే. సుగర్ 500 ఉన్నవాళ్లలో మరో కథ. రక్తంలో చక్కెర కణాల్లోంచి నీళ్లను బయటికి లాగుతుంది, సోడియం పలచబడుతుంది. 100 దాటిన ప్రతి వంద సుగర్‌కి సోడియం 1.6 చొప్పున తగ్గి కనిపిస్తుందని లెక్క, అంటే ఆ మనిషికి ఆరు పాయింట్లకు పైగా. సుగర్ దిగితే అదే సర్దుకుంటుంది. రక్తంలో కొవ్వు పాలలా పేరుకున్నవాళ్లలోనైతే కొన్ని మిషన్లకు సోడియం ఉత్తపుణ్యానికే తక్కువ కనిపిస్తుంది.

ఇక ఈ ఐటీ కారిడార్‌లో నేను మళ్లీ మళ్లీ చూసే కారణం బీపీ మాత్ర. ఊళ్లో డాక్టరు ఎప్పుడో రాసిన జంట మాత్ర. అట్ట మీద పెద్దక్షరాల్లో టెల్మిసార్టన్ అని, దాని పక్కన హైడ్రోక్లోరోథయజైడ్ అనో క్లోర్‌థాలిడోన్ అనో ఉంటుంది. ఆ రెండోది మూత్రంలో ఉప్పును పంపే మందు. మంచి మందే, లక్షలమందిని కాపాడుతోంది. కానీ డెబ్బై దాటినవాళ్లలో కొందరికి అది కిడ్నీ నీళ్లు వదిలే శక్తిని దెబ్బతీస్తుంది. అలాంటివాళ్లు వేసవిలో పిల్లల ఇంటికొస్తారు. ఎండలమ్మా నాన్నగారూ అని పిల్లలు ప్రేమగా గంటగంటకూ గ్లాసు నీళ్లందిస్తారు. పదిరోజుల్లో సోడియం పడిపోతుంది. మాట తడబడుతుంది, నడక తూలుతుంది. వయసు మీదపడిందనుకుంటారు. అప్పుడు రక్తపరీక్ష, అప్పుడు 127, అప్పుడు ఉప్పు మజ్జిగ. మందూ ఆగదు, నీళ్లూ ఆగవు.

ఆర్వో నీళ్లలో మినరల్స్ లేకపోవడం వల్లే సోడియం తగ్గుతోందని మా లిఫ్ట్‌లోనే విన్నాను. మనకు సోడియం వచ్చేది నీళ్లలోంచి కాదు, అన్నంలోంచి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఆవకాయ, గోంగూర, పప్పులోకి అప్పడం, ఊరమిరపకాయ తినే మన ఇళ్లలో ఆ ఐదు గ్రాములు మధ్యాహ్నానికే దాటుతాయి. ఐదు గ్రాముల ఉప్పులో రెండు వేల మిల్లీగ్రాముల సోడియం ఉంది. దాని ముందు నీళ్ల క్యాన్‌లో ఉన్నదీ లేనిదీ లెక్కలోకి రాదు.

వయసు మళ్లినవాళ్లకే ఇదంతా అనుకోవద్దు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది, ముగ్గురిలో ప్రమాదకరంగా 120కో అంతకన్నా కిందికో పడిపోయింది. వాళ్లు చెమటోడ్చి ఉప్పు పోగొట్టుకున్నవాళ్లేనని ఎవరైనా అనుకుంటారు. కానీ సోడియం తగ్గుదలతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడిన విషయం వేరు. పరుగు మొదట్లో కన్నా చివర్లో వాళ్ల బరువు పెరిగింది. దారిపొడుగునా అవసరానికి మించి తాగారు. ప్రతి ఆగస్టులో గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే మన హైదరాబాద్ మారథాన్‌కి బొటానికల్ గార్డెన్ చుట్టూ సాధన చేసే పిల్లలకు ఇదే చెబుతుంటాను. దాహమేస్తే తాగండి, గంట కొట్టినట్టు తాగకండి.

సరే, నిజంగానే ఉప్పు అవసరమైన మనిషే అనుకుందాం. అప్పుడైనా హడావిడి కూడదు. రోజుల తరబడి తక్కువ సోడియానికి అలవాటుపడిన మెదడు తనలోని లవణాలను కొంత వదిలేసుకుని సర్దుకుని ఉంటుంది. ఒక్కసారిగా సోడియం పెంచితే ఆ కణాలు ముడుచుకుపోయి నరాల తొడుగు దెబ్బతింటుంది. మనిషి బతికినా మాట, నడక పోవచ్చు. అందుకే ఆస్పత్రిలో 24 గంటల్లో ఎనిమిది, మహా అయితే పది పాయింట్లు దాటకుండా, గంటల లెక్కన రక్తం చూసుకుంటూ పెంచుతారు. ఇంట్లో చెంచాతో చేసే పని కాదది.

పొటాషియం దగ్గర సరుకుల జాబితా లెక్క ఇంకా ఘోరంగా తప్పుతుంది. మన ఒంట్లో పొటాషియం దాదాపు 3,500 మిల్లీమోల్స్. అందులో 98 శాతానికి పైగా కణాల లోపలే ఉంటుంది. బయట, అంటే రక్తంలోనూ కణాల చుట్టూ ఉన్న ద్రవంలోనూ కలిపి అరవై కూడా ఉండదు. రిపోర్టులో ఉన్న 3.5 నుంచి 5 ఆ బయటిదాని చిక్కదనం. వీధిలో తిరిగేవాళ్లను లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పడం లాంటిది. ఊరంతా ఖాళీ అయినా వీధి కళకళలాడవచ్చు.

సుగర్ విపరీతంగా పెరిగి కీటోన్లు చేరిన రోగిలో సరిగ్గా అదే జరుగుతుంది. రోజుల తరబడి మూత్రంలో పొటాషియం కొట్టుకుపోయి లోపల నిల్వ తరిగిపోతుంది. కానీ ఇన్సులిన్ లేక కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతూ ఉండటంతో రిపోర్టులో నార్మల్ ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది. ఇన్సులిన్ ఇవ్వగానే అది లోపలికి పరిగెడుతుంది, రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే అనుభవమున్న డాక్టరు పొటాషియం చూడకుండా ఇన్సులిన్ మొదలుపెట్టరు, నార్మల్‌గా ఉన్నా పొటాషియం ఎక్కిస్తూనే ఉంటారు. నార్మల్ ఉన్నదాన్ని ఎందుకెక్కిస్తున్నారని బంధువులు నిలదీయడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇప్పుడు ఆ ట్యూబు దగ్గరికి రండి. ల్యాబ్‌లో రక్తాన్ని గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగి పైన సీరం తేలుతుంది. ఎండుగడ్డి రంగు, తేటగా. అది చూస్తే మనసుకు నెమ్మదిగా ఉంటుంది. కొన్ని ట్యూబుల్లో అది గులాబీ రంగులో ఉంటుంది, ఒక్కోసారి బీట్‌రూట్ నీళ్లలా. అంటే ఎర్రకణాలు పగిలాయి. వాటి లోపలి పొటాషియం సీరంలో కలిసింది. సన్నటి సూదితో గట్టిగా లాగినా పగులుతాయి, ట్యూబును గిలకొట్టినా పగులుతాయి. కణాలు పగలకపోయినా తప్పు రావచ్చు. నరం దొరకక చేతికి పట్టీ బిగించి, "పిడికిలి మూయండి, తెరవండి" అని పదిసార్లు చేయిస్తే కండరంలోంచి పొటాషియం వచ్చి ఒక పాయింటు దాకా పెరగొచ్చు. ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా వేసే మందులోనే పొటాషియం ఉంది. అందులోని చుక్క ఇటు పడితే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. ఆ జంట కనబడగానే మాకు అనుమానం వచ్చేది. ఇక సీరం విడదీయకుండా రక్తాన్ని గంటల తరబడి చల్లగా ఉంచితే కణాల్లో పొటాషియాన్ని లోపలికి తోడే పంపు మందగిస్తుంది, లోపలిది బయటికి కారుతుంది. పొద్దున్నే వీపున చల్లటి పెట్టెతో బయల్దేరిన కుర్రాడు పది ఇళ్లు తిరిగి, ట్రాఫిక్‌లో నిలబడి ల్యాబ్‌కి చేరేసరికి ఎంతసేపైందో రిపోర్టు మీద ఎవరూ చదవరు. నేనే ఒకప్పుడు, కొత్తలో, గులాబీ రంగు సీరం చూసి కూడా అంకె పంపేశాను. ఆ రాత్రి ఒక పెద్దావిడను అనవసరంగా ఎమర్జెన్సీకి పరిగెత్తించారు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది.

అలాగని ఎక్కువ పొటాషియాన్ని ల్యాబ్ తప్పని కొట్టిపారేయకూడదు. అది మరో అతి. నిజంగా 6.5 ఉంటే గుండె హెచ్చరిక లేకుండా ఆగిపోవచ్చు. వెంటనే ఈసీజీ తీయాలి, రక్తం మళ్లీ తీయాలి, డాక్టరు చూడాలి. ముఖ్యంగా కిడ్నీ జబ్బున్నవాళ్లూ, టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లూ. బొటానికల్ గార్డెన్‌లో వాకింగ్ అయ్యాక రోజూ కొబ్బరి బోండాం తాగే పెద్దమనుషులను చూస్తుంటాను. ఒక బోండాంలో పదిహేను, ఇరవై మిల్లీమోల్స్ పొటాషియం ఉంటుంది. పైన చెప్పాను, కణాల బయట మొత్తం ఉన్నది అరవై లోపు. మంచి కిడ్నీ ఆ బోండాన్ని హాయిగా సర్దుకుంటుంది. బాగా పాడైన కిడ్నీ సర్దుకోలేదు. "నాచురల్ ఎలక్ట్రోలైట్స్" కాబట్టి ఎవరైనా ఎంతైనా తాగొచ్చనే మాట వాళ్ల పాలిట విషం.

మరి ఏ బాధా లేని ముప్పై ఏళ్ల వాళ్లకు ఏటేటా ఈ పరీక్షలన్నీ ఎందుకు? ఆరోగ్యవంతుల్లో మధ్య 95 శాతం మంది ఎక్కడుంటారో దాన్నే నార్మల్ పరిధిగా గీస్తారు. అంటే గీతకు అవతల పడ్డ ఐదు శాతం మందీ ఆరోగ్యవంతులే. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, నిక్షేపంలా ఉన్న మనిషికి కనీసం ఒకటైనా ఎర్రగా రావడానికి 64 శాతం అవకాశం ఉంది. ఎనభై పరీక్షల ప్యాకేజీలో ఒక్క ఎర్ర అంకె కూడా లేకుండా బయటపడటమే కష్టం. క్లోరైడ్ 108 వచ్చిందని రాత్రంతా నిద్రపోని కుర్రాణ్ణి ఓదార్చాను. పరీక్షకు ముందు ఒక ప్రశ్న ఉండాలి. ప్రశ్న లేని పరీక్షకు జవాబు లేని అంకెలే వస్తాయి.

ఇక ఆమ్లం, క్షారం. ఈ మధ్య ప్రతి రెండో మనిషీ "నా బాడీ యాసిడిక్" అంటున్నారు. బైకార్బొనేట్ 20 వచ్చిందని, 22 ఉండాలని. రక్తం పీహెచ్ 7.35కీ 7.45కీ మధ్య ఉంటుంది. మామూలు ప్యాకేజీ రిపోర్టులో ఆ పీహెచ్ అసలు కొలవరు. దానికి మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి, గాలి తగలకుండా వెంటనే మిషన్‌లో పెట్టాలి. ప్యాకేజీలో ఉన్నది బైకార్బొనేట్ ఒక్కటే, త్రాసులో ఒక తట్ట. రెండో తట్ట ఊపిరితిత్తులు వదిలే కార్బన్ డై ఆక్సైడ్. ఒక్క తట్ట చూసి త్రాసు ఎటు మొగ్గిందో చెప్పలేం. బైకార్బొనేట్ తగ్గడం విరేచనాల వల్ల కావచ్చు, కిడ్నీ జబ్బు వల్ల కావచ్చు. గర్భిణికైతే 20 మామూలే. ఆవిడ కాస్త ఎక్కువగా ఊపిరి తీస్తుంది, దానికి తగ్గట్టు కిడ్నీ బైకార్బొనేట్ తగ్గించుకుంటుంది. ఆవిడ రక్తం నిజానికి క్షారం వైపే ఒక పిసరు ఎక్కువ. ఆమెకు "యాసిడిక్" అని పేరు పెట్టి మందివ్వడం తలకిందుల వైద్యం.

ఈ ఒక్క తట్ట చూపు ఎంతటివాళ్లనైనా మోసం చేయగలదు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్డాం ఆస్పత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడి మిషన్ మీద పెట్టిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. వాళ్ల రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉంది. పేరున్న వైద్యులంతా దాన్ని క్షారం పెరగడంగా చదివారు, ఎందుకు పెరిగిందో తెలియక తలలు పట్టుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఆ అంకెను తిరగేసి చదివాడు. వీళ్లు ఊపిరి వదలలేకపోతున్నారు, కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుపోతోంది, బైకార్బొనేట్ దాని నీడ మాత్రమే, ఇది ఆమ్లం అన్నాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల పిల్ల గొంతులో గొట్టం పెట్టి చేత్తో గాలి కొట్టి చూపించాడు. ఆ తర్వాత సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని నెలల తరబడి రోగులకు చేతులతో ఊపిరి పోశారు. మరణాలు పావు వంతుకు దిగాయి. అంకె అదే. చదివిన తీరు మారింది.

మన కారిడార్‌కి దగ్గరి ఉదాహరణ చెప్తాను, ఊహించుకోండి. నలభై ఏళ్ల ఇంజినీరు. సుగర్‌కి గ్లిఫ్లోజిన్ రకం మాత్ర వాడుతున్నాడు, మూత్రంలో చక్కెర పోయే మందు. బరువు తగ్గాలని కీటో మొదలుపెట్టాడు, అన్నం మానేశాడు. మూడు రోజులుగా వాంతులు, ఆయాసం. ఇంట్లో గుచ్చి చూస్తే సుగర్ 170. సుగర్ బాగానే ఉంది కదా అనుకున్నాడు. సోడియం 138, క్లోరైడ్ 100, బైకార్బొనేట్ 14. విడివిడిగా చూస్తే ఒక్క బైకార్బొనేటే ఎరుపు. ఇప్పుడు 138లోంచి 100ని, 14ని కలిపి తీసేయండి. 24 మిగిలింది. పన్నెండు దాటకూడని ఆ తేడాను యానయాన్ గ్యాప్ అంటారు. రిపోర్టులో చాలాసార్లు అది అచ్చు కాదు, కాగితం మీద వేసుకోవాల్సిందే. 24 అంటే రక్తంలో లెక్కకు రాని ఆమ్లం చేరిందని. ఇక్కడ అది కీటోన్లు. సుగర్ మామూలుగా కనబడుతూనే వచ్చే కీటో అసిడోసిస్. గంటల్లో ఆస్పత్రికి చేరాలి. అదే మనిషికి విరేచనాలై బైకార్బొనేట్ అదే 14 ఉండి, క్లోరైడ్ 112 ఉంటే తేడా 12, కథ వేరు, వైద్యం వేరు. నాలుగు అంకెలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. విడివిడిగా చదివితే ఆ మాట వినపడదు.

ఆ ఇంజినీరు చేతిలో ఆల్కలైన్ వాటర్ సీసా పెట్టడం ఎంత అన్యాయమో లెక్కేసి చూడండి. మన ఒంట్లో తిండి వల్ల రోజుకు సుమారు 70 మిల్లీమోల్స్ ఆమ్లం తయారై కిడ్నీల ద్వారా పోతుంది. ఊపిరితో వెళ్లే కార్బన్ డై ఆక్సైడ్ 15,000 పైమాటే. పీహెచ్ 9 ఉన్న లీటరు నీళ్లలో ఉండే క్షారం 0.01 మిల్లీమోల్. ఒక్కరోజు ఆమ్లాన్ని చెల్లబెట్టడానికే 7,000 లీటర్లు, అంటే 350 క్యాన్లు తాగాలి. కలిసిన బైకార్బొనేట్ కొంత ఉన్నా అది గుప్పెడు గింజలే. పైగా గొంతు దిగగానే కడుపులోని ఆమ్లంలో పడుతుంది. ఈ సిద్ధాంతాన్ని పుస్తకాలతో ప్రపంచమంతా అమ్మిన అమెరికా మనిషి రాబర్ట్ యంగ్, లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరంలో దోషి అని 2016లో కోర్టు తేల్చింది. అయినా ఆయన మాట కొత్తగూడ వంటిళ్లలో ఫిల్టర్ల రూపంలో బతికే ఉంది.

"మరి ఓఆర్‌ఎస్ సంగతేంటి? ఉప్పూ చక్కెరా పోయడమే కదా అది?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో కలరా ముప్పై శాతం మందిని తీసుకుపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు తాగించి ఆ మరణాలను నాలుగు శాతం లోపుకు దించాడు. నేను గౌరవించే మందుల్లో అది మొదటిది. కానీ దాని బలం ఉప్పు ఉండటంలో లేదు, పాళ్లలో ఉంది. ఇప్పటి ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ 75, పొటాషియం 20. పేగులో ఒక ద్వారం సోడియాన్నీ గ్లూకోజ్‌నీ జతగానే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. గ్లూకోజ్ లీటరుకు పదమూడున్నర గ్రాములు చాలు. అంతకు ఎన్నో రెట్లు చక్కెర పోస్తే అది పేగులోనే ఉండి నీళ్లను ఒంట్లోంచి పేగులోకి లాగుతుంది. విరేచనం పెరుగుతుంది.

సరిగ్గా ఆ పానీయాలే, లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెరతో, ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించుకుని మందుల షాపుల్లో దొరికాయి. విరేచనాలైన పిల్లలకు తల్లులు అవే తాగించారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు దీనిమీద ఒంటరిగా కొట్లాడారు. తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వద్దన్నట్టే అని, కొన్ని నెలల్లోనే "ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అన్న చిన్న హెచ్చరికతో మళ్లీ అనుమతించింది. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ అనుమతులను వెనక్కి తీసుకుంది. ఆ ఉత్తర్వు వచ్చాక ఆవిడ వీడియోలో వెక్కి వెక్కి ఏడవడం చాలామంది చూశారు. ఒక పేరు కోసం అంత ఏడుపేమిటని కొందరన్నారు. పాళ్లు తప్పితే ఏమవుతుందో వార్డులో చూసినవాళ్లకు ఆ ఏడుపు అర్థమవుతుంది. అసలైన ప్యాకెట్ కూడా లీటరు నీళ్లకు కలపాల్సింది ఒక గ్లాసులో కలిపితే పసిపిల్లకు సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి ఓఆర్‌ఎస్ నా వాదనకు ఎదురు కాదు, దాని సాక్ష్యం.

మాకు డాక్టరు దొరకడు, దొరికినా మూడు నిమిషాలు మాట్లాడడు, అందుకే మేమే చదువుకుంటున్నాం అంటారు. ఆ బాధ నిజం, నేను కాదనను. చదవండి, తప్పకుండా చదవండి. కానీ అంకె చూడగానే వంటింట్లోకి వెళ్లకండి. ఈ మనిషి ఏ మాత్రలు వేసుకుంటున్నాడు, కాళ్లు పొంగాయా, వాంతులూ విరేచనాలూ ఉన్నాయా, ఎన్ని నీళ్లు తాగుతున్నాడు, మాటలో తేడా వచ్చిందా, పాత రిపోర్టులో ఎంతుంది, రక్తం తీసేటప్పుడు ఇబ్బంది పడ్డారా. ఇవి తీసుకుని వెళ్తే ఆ మూడు నిమిషాల్లోనే డాక్టరు మంచి నిర్ణయం తీసుకోగలడు. ఒట్టి అంకెతో వెళ్తే అరగంటైనా చాలదు.

మధిర మామగారిని ఆ రాత్రి ఆస్పత్రిలో చేర్చుకున్నారు. జంట మాత్ర ఆపి వేరే బీపీ మందిచ్చారు. నీళ్లు లెక్కపెట్టి ఇచ్చారు. సోడియం మర్నాటికి 130, ఐదో రోజుకి 134. ఆయన మళ్లీ పేపరు చదివి రాజకీయాల మీద కొడుకుతో వాదించడం మొదలుపెట్టారని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. కాఫీ తాగడానికి పిలిచారు, వెళ్లాను. ఉప్పు మజ్జిగ ఊసు ఎవరూ ఎత్తలేదు.

దసరాకి ఆ అమ్మాయి వాళ్లమ్మగారు వచ్చారు. నెల తిరక్కుండానే ఆవిడ రిపోర్టు పట్టుకుని ఆ అమ్మాయి మళ్లీ మా ఇంటికొచ్చింది. పొటాషియం 5.6. కూర్చుంది గానీ ఫోన్ తెరవలేదు. ముందు చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి, మూత తిప్పి, అమ్మ వాడే మాత్రల అట్టలన్నీ నా ముందు బల్ల మీద వరసగా పరిచింది. "రక్తం తీసిన బాబు నరం దొరక్క రెండుసార్లు గుచ్చాడంకుల్, పిడికిలి చాలాసేపు మూయించాడు. రేపు ఆస్పత్రికే వెళ్లి మళ్లీ ఇద్దామనుకుంటున్నాం. ఈలోగా వీటిలో పొటాషియం పెంచేవి ఏమున్నాయో చూడండి" అంది.